కోతి చచ్చిపడితే కబురు చెప్పాలి

"కోతి చచ్చిపోతే ఆరోగ్య శాఖ వాళ్లకి ఎందుకు చెప్పాలి తాతయ్యా?"

మా మనవరాలి ప్రశ్న ఇది. బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. సంక్రాంతి సెలవులకి తోటివాళ్లతో కలిసి జోగ్ జలపాతం, ఆ చుట్టుపక్కల అడవులు చూసొస్తామంది. "వెళ్లండి తల్లీ, తప్పకుండా చూడాల్సిన చోటు. దార్లో ఎక్కడైనా కోతి చచ్చి కనిపిస్తే మాత్రం దగ్గరికి పోకండి. వెంటనే అక్కడి ఫారెస్టు వాళ్లకో, ఆశా కార్యకర్తకో చెప్పండి" అన్నాను. దానికి వచ్చిన ప్రశ్న అది. మంచి ప్రశ్న. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే తీరిగ్గా చెప్తున్నాను, మీరూ వినండి.

జోగ్ జలపాతం ఉన్న శివమొగ్గ జిల్లాలోనే, సొరబ తాలూకాలో క్యాసనూరు అనే అడవి ఉంది. 1957లో వేసవి మొదలవుతుండగా ఆ అడవిలో కోతులు చచ్చిపడసాగాయి. నల్లమొహం కొండముచ్చులూ చచ్చాయి, ఎర్రమొహం కోతులూ చచ్చాయి. ఆ రోజుల్లోనే చుట్టుపక్కల పల్లెల్లో జ్వరాలు మొదలయ్యాయి. ఉన్నట్టుండి ఒళ్లు కాలిపోయే జ్వరం, తల పగిలేంత నొప్పి, మంచం దిగనివ్వని ఒళ్లునొప్పులు, ఎర్రబడ్డ కళ్లు, కొందరికి ముక్కులోంచీ చిగుళ్లలోంచీ రక్తం. జ్వరం పడ్డవాళ్లలో ఎక్కువమంది కట్టెలకో, పశువుల్ని మేపడానికో అడవిలోకి వెళ్లొచ్చినవాళ్లే.

ఈ కబురు పుణెకి చేరింది. అక్కడ 1952లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తోడ్పాటుతో పెట్టిన వైరస్ పరిశోధన కేంద్రం ఉంది. ఇప్పుడు మనం జాతీయ వైరాలజీ సంస్థ అంటున్నది దాన్నే. కబురు విన్న శాస్త్రజ్ఞులకి గుండె గుభేలుమంది. ఎందుకంటే దక్షిణ అమెరికా అడవుల్లో కోతులు రాలిపోతుంటే యెల్లో ఫీవర్ వచ్చిందని అక్కడివాళ్లు గుర్తుపడతారు. ఆ జబ్బు మన దేశంలోకి ఎప్పుడూ రాలేదు. కానీ వస్తే దాన్ని మోసుకు తిరగగల ఏడిస్ దోమ మాత్రం మన ఊళ్లలో ఇంటింటా ఉంది. యెల్లో ఫీవర్ గనక శివమొగ్గ అడవిలో దిగి ఉంటే దేశం మొత్తానికీ ముప్పే.

టెల్ఫర్డ్ వర్క్, హెరాల్డ్ ట్రపీడో అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు, వాళ్లతో మన పరిశోధకులు హుటాహుటిన అడవికి వెళ్లారు. జబ్బుపడ్డ కోతుల నుంచీ, జ్వరం వచ్చిన మనుషుల నుంచీ నమూనాలు తీశారు. చూస్తే అది యెల్లో ఫీవర్ కాదు. ఎక్కడో రష్యా అడవుల్లో మనుషులకి మెదడువాపు తెచ్చే వైరస్‌కి దగ్గరి చుట్టం. రష్యాలో దాన్ని మోసేవి పిడుదులు. ఇక్కడా అంతే, దోమ ప్రమేయం లేదు. అడవిలో రాలిన ఆకుల మధ్య బతికే పిడుదులే ఈ వైరస్‌ని మోస్తున్నాయి. ఆ అడవి పేరే జబ్బుకి పెట్టారు. క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్, పొట్టిగా కేఎఫ్‌డీ. అక్కడి జనం కన్నడంలో మంగన కాయిలె అంటారు, మన పత్రికలు కోతి జ్వరం అని రాస్తుంటాయి.

పిడుదులంటే పల్లెలో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆవుల చెవుల్లో, పొదుగు పక్కన, తోక మొదట్లో పట్టి వేలాడుతుంటాయి. కొన్నిచోట్ల గోమార్లంటారు. పట్నం పిల్లలు పెంపుడు కుక్క మెడ కింద చూసే ఉంటారు. వీటికి ఎనిమిది కాళ్లు, అంటే దోమలూ ఈగల కన్నా సాలీళ్లకే ఇవి దగ్గర.

పురుగు కుడితే జబ్బు వస్తుందన్న సంగతి మనిషికి తెలిసి ఎంతో కాలం కాలేదు. పిడుదు జబ్బు మోస్తుందని మొదట రుజువు చేసింది అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే ఇద్దరు. టెక్సాస్ జ్వరంతో పశువులు మందలు మందలుగా చస్తుంటే, ఆ జబ్బు సూక్ష్మజీవిని పిడుదు మోస్తోందనీ, తల్లి పిడుదు నుంచి గుడ్ల ద్వారా పిల్లలకి కూడా చేరుతోందనీ 1893లో తేల్చి చెప్పారు. ఆ తర్వాత నాలుగేళ్లకి మన సికింద్రాబాద్ వంతు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మలేరియా రోగిని కుట్టిన దోమని కోసి, దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టించుకున్నందుకు దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారట. ఆ పరిశోధనకి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో రాస్ పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడండి. పురుగు జబ్బు మోస్తుందని తెలిశాక రోగి మంచం పక్కన కూర్చుంటే చాలదని తేలిపోయింది. పురుగు ఎక్కడ పుడుతుందో, ఎక్కడ తిరుగుతుందో, ఎవర్ని కుడుతుందో వెతుక్కుంటూ వెళ్లాల్సి వచ్చింది.

శివమొగ్గ అడవిలో అలా వెతగ్గా తెలిసిన సంగతులివి.

ఈ వైరస్‌ని ఎక్కువగా మోసే పిడుదుని హీమాఫిసాలిస్ స్పినిజెరా అంటారు. గుడ్డులోంచి బయటపడ్డప్పుడు దానికి ఆరు కాళ్లే ఉంటాయి. ఒకసారి రక్తం తాగుతుంది, నేల మీదికి రాలుతుంది, కుబుసం విడుస్తుంది. అప్పుడు ఎనిమిది కాళ్లొస్తాయి. ఈ రెండో దశని నింఫ్ అంటారు, మనం పిల్ల పిడుదు అనుకుందాం. అది మళ్లీ ఒకసారి రక్తం తాగి, రాలి, పెద్దదవుతుంది. పెద్ద పిడుదు మూడోసారి తాగుతుంది, ఆడదైతే నేల మీద వేలకొద్దీ గుడ్లు పెట్టి చస్తుంది. అంటే జీవితం మొత్తంలో మూడే భోజనాలు, మూడూ వేరువేరు జంతువుల మీద. మొదటి రెండు భోజనాలు ఎలుకలు, పక్షులు, కోతుల మీద. చివరిది ఎక్కువగా ఆవులూ గేదెల్లాంటి పెద్ద పశువుల మీద. ఒక భోజనంలో ఎక్కిన వైరస్ కుబుసం విడిచినా పోదు. తర్వాత కుట్టిన జంతువుకి అంటుతుంది.

పిల్ల పిడుదుని దగ్గరగా చూడాలి. ఒళ్లంతా కలిపి మిల్లీమీటరున్నర ఉంటుందేమో. దానికి ఎగరడం రాదు, గెంతడం రాదు. ఎండుటాకు అంచుకో, గడ్డిపరక కొసకో ఎక్కి, వెనక కాళ్లతో పట్టుకుని, ముందుకాళ్లు రెండూ గాల్లోకి చాచి కూర్చుంటుంది. ఆ ముందుకాళ్ల చివర చిన్న గుంటలో వాసన పట్టే అవయవం ఉంది. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, మన ఒంటి వెచ్చదనం, చెమట వాసన దానికి తెలుస్తాయి. అటుగా వెళ్తూ మన పంచె అంచో, ప్యాంటో తగిలిందా, ఎక్కేస్తుంది. ఎక్కిన వెంటనే కుట్టదు. మోకాలి వెనకో, చంకలోనో, నడుం దగ్గర బట్ట బిగిసే చోటో, మెత్తటి చోటు వెతుక్కుంటూ పాకుతుంది. నోట్లో వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి, దిగితే ఊడిరాదు. లాలాజలంలో తిమ్మిరెక్కించే మందుంటుంది, కుట్టినట్టు మనకి తెలియనే తెలియదు. ఆ పిడుదులో వైరస్ ఉంటే, కుట్టిన మూడు నుంచి ఎనిమిది రోజుల్లో జ్వరం.

ఇప్పుడు మా మనవరాలి ప్రశ్నకి వద్దాం. వైరస్ ఉన్న పిడుదు కోతిని కుట్టింది. కోతి ఒంట్లో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. ఆ రోజుల్లో దాని ఒంటిమీద రక్తం తాగుతున్న చిన్న పిడుదులన్నింటికీ వైరస్ ఎక్కుతుంది. కోతి చచ్చి ఒళ్లు చల్లబడగానే పిడుదులు ఒక్కొక్కటే దిగిపోతాయి. కోతి పడిన చోటు చుట్టూ ఆకుల కింద వైరస్ నిండిన పిడుదులు కాచుకుని ఉంటాయి. చూడ్డానికి మామూలు నేలే. కట్టెలేరుకోవడానికి వచ్చిన మనిషి సరిగ్గా అక్కడే చతికిలపడి బీడీ వెలిగించుకుంటాడు. అందుకే చచ్చిన కోతి కబురు అందగానే ఆరోగ్య శాఖ, పశువైద్య శాఖ, అటవీ శాఖ మనుషులు ముగ్గురూ కదలాలి. ఒళ్లంతా కప్పే తొడుగులు వేసుకుని శవపరీక్ష చేసి నమూనా తీస్తారు. కళేబరాన్ని కాల్చేస్తారు. చుట్టూ నేల మీద పురుగుమందు పొడి చల్లుతారు. దగ్గరి పల్లెల్లో అటువైపు వెళ్లొద్దని చాటింపు వేస్తారు, ఇంటింటికీ వెళ్లి జ్వరాలేమైనా ఉన్నాయా అని కనుక్కుంటారు. ఒక్క కబురుతో ఇంత పని మొదలవుతుంది. ఆ కబురు రాకపోతే ఇందులో ఏదీ జరగదు.

"మరి కోతి చచ్చేదాకా ఆగడం ఎందుకు, ముందే తెలుసుకోలేమా?" అని అడిగింది.

తెలుసుకోవచ్చు. దానికి పిడుదుల్నే పట్టి చూడాలి. పనిముట్టు ఏమంత గొప్పది కాదు. తెల్లటి ఫ్లానెల్ గుడ్డ, దానికో కర్ర, లాగడానికో తాడు. పనివాడు ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపుకుని, ఒంటికి పిడుదులు ఎక్కకుండా మందు రాసుకుని, ఆ గుడ్డని రాలిన ఆకుల మీదుగా మెల్లగా ఈడ్చుకుంటూ నడుస్తాడు. పశువేదో పోతోందనుకుని పిడుదులు గుడ్డకి పట్టుకుంటాయి. కొద్ది దూరం నడిచాక ఆగి, గుడ్డ తిరగేసి చూస్తాడు. తెల్లటి గుడ్డ మీద గోధుమరంగు చుక్కలు కదుల్తుంటాయి. ఒక్కొక్కదాన్నీ సన్నటి పట్టకారుతో తీసి చిన్న సీసాలో వేస్తాడు. సీసా మీద ఊరి పేరు, తేదీ, ఎక్కడ దొరికాయి, అన్నీ రాస్తాడు. ల్యాబ్‌లో వాటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి జాతుల వారీగా, దశల వారీగా వేరుచేస్తారు. ఒకే రకానివి కొన్ని కలిపి నూరి, వైరస్ జాడ ఉందేమో పరీక్ష చేస్తారు. ఎండలో, ముళ్లలో, వారం వారం అదే అడవిలో అదే దారుల్లో చేయాల్సిన పని ఇది. చాలాసార్లు ఏమీ దొరకదు. ఏమీ దొరకలేదని కూడా రాసిపెట్టాలి. పోయిన ఏడాది ఇదే నెలలో లేని వైరస్ ఈ ఏడాది కనిపిస్తే, ఆ తేడా తెలిసేది పోయిన ఏడాది కాగితం ఉన్నప్పుడే.

ఈ పిడుదులకో పంచాంగం ఉంది. వానలు పడ్డాక పెద్దవి బయటికొస్తాయి, పశువుల మీద తాగి గుడ్లు పెడతాయి. వానలు వెనకబట్టాక ఆరుకాళ్లవి పుడతాయి. చలికాలం మొదలయ్యాక పిల్ల పిడుదులు లేస్తాయి, వేసవి దాకా ఉంటాయి. మనుషుల్ని ఎక్కువగా కుట్టేది ఇవే. అందుకే జ్వరాలు డిసెంబరు నుంచి మే దాకా వస్తాయి. జ్వరం వచ్చే నెలలు ఇంత కచ్చితంగా తెలిసినప్పుడు సన్నాహం కూడా ముందే అవ్వాలి. వానలు తగ్గేలోపే ఆశా కార్యకర్తలకి శిక్షణ ఇవ్వాలి. అడవికి వెళ్లే ప్రతి ఇంటికీ ఒంటికి రాసుకునే డెపా నూనె చేరాలి. రక్షణ పరిశోధన సంస్థ వాళ్ల గ్వాలియర్ ల్యాబ్‌లో తయారైన మందు అది. కర్ణాటకలో ఊళ్లకి ఉచితంగా పంచుతారు. పశువులకి పిడుదుల మందు పట్టించాలి. ఆస్పత్రిలో మంచాలు, రక్తం ఎక్కించే ఏర్పాటు, నమూనాలు ల్యాబ్‌కి పంపే మనిషి, వాహనం సిద్ధంగా ఉండాలి. కేసులు వచ్చాక ఇవన్నీ మొదలుపెడితే మే నెల వచ్చేస్తుంది.

చూశారా, జబ్బు మూడు మెట్లు దిగి మన దగ్గరికొస్తుంది. ముందు పిడుదులో కనిపిస్తుంది. తర్వాత కోతి చస్తుంది. ఆ తర్వాత మనిషికి జ్వరం వస్తుంది. మొదటి మెట్టు దగ్గర పట్టుకుంటే చేతిలో వారాలు ఉంటాయి, రెండో మెట్టు దగ్గరైతే కొన్ని రోజులు. మూడో మెట్టు దగ్గర ఉండేది మంచాన పడ్డ మనిషి. ఈ జబ్బుకి వైరస్‌ని చంపే మందు లేదు. ఒంట్లో నీరు తగ్గకుండా, రక్తపోటు పడిపోకుండా, రక్తం పోతే రక్తం ఎక్కిస్తూ కాపాడుకోవాల్సిందే. ఎక్కువమంది కోలుకుంటారు. నూటికి ముగ్గురు, అయిదుగురు పోతారు. కొందరికి జ్వరం తగ్గిందనుకున్నాక ఒకటి రెండు వారాలకి మళ్లీ వచ్చి మెదడు మీద దాడి చేస్తుంది.

టీకా ఉండేది. 1990 నుంచి కర్ణాటకలో వేశారు. రెండు డోసులు, ఆపైన బూస్టర్లు, అయినా అది ఇచ్చే రక్షణ అంతంతమాత్రమేనని తేలింది. 2022లో ఆపేశారు. ఇప్పుడు మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలితో కలిసి కొత్త టీకా మీద పనిచేస్తోంది. అది చేతికొచ్చేదాకా అక్కడి పల్లెలకి ముఖ్యమైన రక్షణ నిఘాయే. వచ్చాక కూడా ఎవరికి, ఏ ఊళ్లో, ఏ నెలలో వేయాలో చెప్పేది మళ్లీ నిఘాయే.

ఈ జబ్బు శివమొగ్గ, ఆ చుట్టుపక్కల జిల్లాల్లోనే ఉండిపోతుందని చాలాకాలం అనుకున్నారు. 2012లో దూరాన ఉన్న బందీపూర్ అడవిలో బయటపడింది. తర్వాత అటు కేరళలో వయనాడ్, ఇటు గోవాలో సత్తరి తాలూకా, 2016లో మహారాష్ట్రలో సింధుదుర్గ్. జీడితోటల్లో పనికి వెళ్లేవాళ్లు మంచానపడ్డారు. 2018 డిసెంబరు నుంచి శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో, అరళగోడు అనే ఊరి చుట్టుపక్కల మళ్లీ విజృంభించి ప్రాణాలు తీసింది. కొత్తచోట్ల వచ్చినప్పుడల్లా కష్టం ఒకటే. అక్కడి డాక్టర్లు ఈ జబ్బుని అంతకుముందు చూసి ఉండరు. డెంగ్యూ అనుకుంటారు, ఎలుక జ్వరం అనుకుంటారు. అన్నీ జ్వరంతోనే మొదలవుతాయి కదా.

ఈ నిఘా ఎలాంటి పనో చెప్తాను. మన ఊరి చెరువుకి నీరటికాడు ఉండేవాడు. వాన ఉన్నా లేకపోయినా పొద్దున్నే గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడిచేవాడు. ఎక్కడ ఎలుక బొరియ పడింది, ఎక్కడ తడి ఊరుతోంది, తూము దగ్గర రాయి కదిలిందా, అని చూసుకునేవాడు. గట్టు తెగని ఏడాది అతను చేసిన పనేమిటో ఎవరికీ కనిపించదు. గట్టు తెగకపోవడానికి కారణమే అతను. జబ్బుల మీద నిఘా పెట్టేవాళ్లదీ అదే పని. కేసులు లేని ఏడాది చూసి వాళ్ల పోస్టులు నింపకపోవడం, వాళ్ల జీపుకి డీజిల్ ఆపేయడం చాలా తప్పు. నా మనసులో ఉన్న మాట ఇదే. జబ్బు రాని ఏడాదిలోనే ఈ పని నడవాలి, ఆ ఏడాదిలోనే దీనికి డబ్బు పెట్టాలి.

"ఇవన్నీ కర్ణాటక కబుర్లు. మనకేం తాతయ్యా?" అంది.

క్యాసనూరు జబ్బు పడమటి కనుమలది, నిజమే. మనకి మన జబ్బులున్నాయి. 2003 వేసవి చివర్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు మెదడువాపుతో ఆస్పత్రులకి రాసాగారు. తెలంగాణ జిల్లాల్లో ఎక్కువ. రాత్రి జ్వరం వచ్చిన బిడ్డ మర్నాటికి దక్కేది కాదు. 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది పోయారు. ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో తల్చుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. నమూనాలు పుణెకి వెళ్లాయి. అది చాందీపుర వైరస్ అని తేలింది. ఎలా తేలింది? 1965లో నాగపూర్ దగ్గర చాందీపుర అనే ఊళ్లో జ్వరం వచ్చిన ఇద్దరి రక్తంలో ఆ వైరస్‌ని పుణె శాస్త్రజ్ఞులు పట్టి, ఊరి పేరే పెట్టి, భద్రపరిచారు. అప్పట్లో అదేమంత ప్రమాదకరమని ఎవరూ అనుకోలేదు. అయినా రాసిపెట్టారు, దాచిపెట్టారు. ముప్ఫై ఎనిమిదేళ్ల తర్వాత ఆ వివరమే మన పిల్లల్ని చంపుతున్న శత్రువు పేరు చెప్పింది. దాన్ని మోసేది సాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ, మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల దగ్గర ఉంటుంది. 2024 వానాకాలంలో గుజరాత్‌లో పిల్లల్లో మళ్లీ కనిపించినప్పుడు ఆ పేరు డాక్టర్లకి తెలుసు, దేనికోసం పరీక్ష చేయాలో తెలుసు.

మన రెండు రాష్ట్రాల్లోనూ స్క్రబ్ టైఫస్ ఉంది. పొదల్లో, గట్ల మీది గడ్డిలో ఉండే, కంటికి ఆననంత చిన్న పురుగు పిల్లదశలో కుడితే వస్తుంది. ఇది వైరస్ కాదు, బ్యాక్టీరియా. డాక్సీసైక్లిన్ అనే చవకైన మందుకి లొంగుతుంది. కానీ ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణం పోతుంది. కుట్టినచోట చాలామందికి సిగరెట్టు అంటించినట్టు నల్లటి పక్కు కడుతుంది. నొప్పీ దురదా ఉండవు, పైగా చంకలోనో, గజ్జల్లోనో, రొమ్ము కిందో, చెవి వెనకో ఉంటుంది కాబట్టి రోగికే తెలియదు. బట్టలు తొలగించి ఒళ్లంతా ఓపిగ్గా చూసే డాక్టరుకే దొరుకుతుంది. జ్వరం వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఇలాంటి పక్కు ఉందేమో చూడమని మీరే అడగండి. తప్పేం లేదు.

డెంగ్యూ సంగతి మీకు తెలుసు. అక్కడ నిఘా ఇంటి పెరట్లోనే. మలేరియా సిబ్బంది వచ్చి మీ డ్రమ్ములో టార్చి వేసి చూస్తున్నారంటే లెక్క కడుతున్నారని అర్థం. వంద ఇళ్లు చూస్తే ఎన్ని ఇళ్లలో దోమ పిల్లలు దొరికాయి, మొత్తం ఎన్ని పాత్రల్లో దొరికాయి అని రెండు లెక్కలు. ఆ అంకె పెరిగితే డెంగ్యూ రాబోతోందని పేటకి ముందే తెలుస్తుంది. వాళ్లని గేటు దగ్గరే ఆపి, మా ఇంట్లో ఏం లేవు అని పంపేయకండి. వాళ్లతోపాటు మీరూ టార్చి పట్టుకుని చూడండి. ఏడిస్ గుడ్డు నుంచి దోమ లేవడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి తొట్లూ కూలర్లూ ఖాళీ చేయమంటారు. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన గోడకి అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు. కొబ్బరిపీచుతో గోడలు రుద్ది కడగాలి.

ఇక ఊళ్లోని లెక్క. 2004లో మొదలైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం ఇప్పుడు దేశమంతటా నడుస్తోంది. ఉపకేంద్రంలో ఏఎన్ఎం తనకి కనిపించిన జ్వరాలు, విరేచనాలు, దగ్గులు రాస్తుంది. డాక్టరు తను అనుమానించిన జబ్బు రాస్తాడు. ల్యాబ్ తను తేల్చింది రాస్తుంది. ఈ మూడు కాగితాలూ ఒకప్పుడు వారానికోసారి జిల్లాకి చేరేవి, ఇప్పుడు కంప్యూటర్లో ఎక్కిస్తున్నారు. ఒక ఊళ్లో నలుగురికి జ్వరం వస్తే ఆ ఊరికి అది మామూలే. పక్కపక్కన నాలుగు ఊళ్లలో ఒకే వారం పదేసి మందికి వస్తే జిల్లాలో కూర్చున్నవాళ్లకి ఏదో జరుగుతోందని తెలుస్తుంది. మీ ఇంటికొచ్చి "ఎవరికైనా జ్వరమా అమ్మా?" అని అడిగే ఆశా అక్క ఆ లెక్కకి మొదటి అక్షరం దిద్దుతోంది. ఆవిడకి కూర్చోమని కుర్చీ వేసి, నిజం చెప్పండి.

ఇంక మా మనవరాలికీ, అడవులు చూడ్డానికి వెళ్లే మీ అందరికీ జాగ్రత్తలు. నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు వేసుకుని, ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపుకోండి. లేతరంగు బట్టలైతే పాకే పిడుదు కనిపిస్తుంది. బయటపడ్డ ఒంటికి దోమలూ పిడుదులూ దగ్గరికి రాకుండా చేసే క్రీము రాసుకోండి. ఎండుటాకుల మీద కూర్చోవద్దు, పడుకోవద్దు. బసకి రాగానే బట్టలన్నీ మార్చి వేడినీళ్లలో వేయండి. స్నానం చేస్తూ మోకాళ్ల వెనక, చంకలు, నడుం, చెవుల వెనక, జుట్టులో వెతుక్కోండి. పిడుదు పట్టి ఉంటే కిరసనాయిలు పోయొద్దు, అగ్గిపుల్ల అంటించొద్దు, వేళ్లతో చిదమొద్దు. రెచ్చిపోతే అది తన లాలాజలం ఇంకా లోపలికి వదులుతుంది. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. ఆ చోట సబ్బుతో కడిగి, తేదీ ఫోన్లో రాసిపెట్టుకోండి.

తిరిగొచ్చిన రెండు వారాల్లో జ్వరం వస్తే బిళ్ల మింగి ఆఫీసుకి పోవద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎన్ని డిగ్రీలు, ఎన్ని రోజులు అన్నది ఆయనే అడుగుతాడు. ఆయన అడగనిది ఒకటుంటుంది, అది మీరే చెప్పాలి: "నేను ఫలానా తేదీన శివమొగ్గ అడవికి వెళ్లొచ్చాను." హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చున్న డాక్టరుకి ఆ ఒక్క ముక్క చెప్తే ఏ పరీక్ష చేయించాలో తెలుస్తుంది. మీ ప్రాణానికీ, మీ తర్వాత ఆ దారిన వెళ్లేవాళ్ల ప్రాణానికీ అది పనికొస్తుంది.